రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మిగిలిపోయే నొప్పి, భయం: ఒక్కో అడుగుగా ఏం చేయాలి

కుట్లు మానిపోయాయి. డ్రెయిన్ గొట్టం తీసేశారు. చుట్టాలు వచ్చి చూసి వెళ్లిపోయారు. ఇంట్లో అందరూ గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నారు. మీకు మాత్రం చంకలో మంట తగ్గలేదు, చేయి పైకెత్తితే ఏదో లాగుతోంది, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి "మళ్లీ వచ్చిందేమో" అనే ఆలోచన మొదలవుతోంది. ఈ రెండూ, అంటే నొప్పీ భయమూ కలిసి ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నాకు ఎడమవైపు రొమ్ము తీసేశారు, చంకలో లింఫ్ గ్రంథులు (ఒంట్లోని లింఫ్ అనే ద్రవాన్ని వడగట్టే చిన్న కణుపులు) కూడా తీశారు. ఆ తర్వాత ఏడాదికి పైగా ఈ రెండింటితో నలిగాను. అందులో సగం కాలం, ఏం అడగాలో తెలియక ఊరికే భరించిన కాలం.

రేడియేషన్ అయినవాళ్లకూ, రొమ్ము ఉంచి గడ్డ మాత్రమే తీసినవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది. మీ డాక్టరు చెప్పినదానికి ఇందులో ఏదైనా తేడాగా ఉంటే డాక్టరు మాటే వినండి, మీ శరీరాన్ని చూసింది ఆయనే.

మొదటి అడుగు: నొప్పి ఎందుకు మిగిలిందో తెలుసుకోండి

గాయం నొప్పి వారాల్లో తగ్గుతుంది. మూడు నెలలు దాటినా ఉంటే అది ఎక్కువగా నరాల నొప్పి. చంక గుండా చేయి పైభాగం లోపలివైపుకు వెళ్లే ఒక సన్నని నరం ఉంటుంది, దాన్ని ఇంటర్‌కోస్టోబ్రేకియల్ నరం అంటారు. చంకలో గ్రంథులు తీసేటప్పుడు అది తెగడమో, సాగడమో, తర్వాత మచ్చలో ఇరుక్కోవడమో జరుగుతుంది. అందుకే చాలామందికి మోచేతికి పైన, చేయి లోపలివైపు మొద్దుబారి ఉంటుంది, అదే చోట మంట కూడా ఉంటుంది. ముట్టుకుంటే తెలియని చోట నొప్పి ఎలా వస్తుందని ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, దెబ్బతిన్న నరం చేసేది అదే. బయటి స్పర్శను మెదడుకు సరిగా చేర్చదు, కారణం లేకుండా నొప్పి కబుర్లు మాత్రం పంపుతుంది.

ఇది అరుదైన విషయం కాదు. వేర్వేరు పరిశోధనల్లో లెక్కలు వేర్వేరుగా ఉన్నా, ఈ ఆపరేషన్ చేయించుకున్న ప్రతి ఐదుగురిలో కనీసం ఒకరికి నెలల తరబడి నొప్పి ఉంటుందని తేలింది. చిన్న వయసువాళ్లకు, చంకలో గ్రంథులు ఎక్కువగా తీసినవాళ్లకు, రేడియేషన్ తీసుకున్నవాళ్లకు, ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో బాగా నొప్పి పడ్డవాళ్లకు ఇది మిగిలే అవకాశం ఎక్కువ. మీ ఓపిక తక్కువై వచ్చింది కాదు.

తీసేసిన రొమ్ము ఇంకా ఉన్నట్టే అనిపించడం, అక్కడ దురద పుట్టడం, చనుమొన దగ్గర చురుక్కుమనడం కూడా మామూలే. పిచ్చి అనుకుంటారేమోనని చాలామంది ఈ మాట ఎవరికీ చెప్పరు. డాక్టరుకు చెప్పండి, వాళ్లకు ఇది తెలిసిన విషయమే.

రెండో అడుగు: మీ నొప్పికి సరైన మాట వెతకండి

నేను మొదటి మూడు చెకప్‌లలో "నొప్పిగా ఉంది డాక్టర్ గారూ" అని మాత్రమే చెప్పాను. ప్రతిసారీ పారాసిటమాల్ రాసిచ్చారు. నాలుగోసారి ఒక నర్సమ్మ "ఎలాంటి నొప్పి అమ్మా, మీ మాటల్లోనే చెప్పండి" అని అడిగింది. "చీర కొంగు తగిలినా భగ్గుమంటుంది, ఉన్నట్టుండి చంకలోంచి మోచేతి దాకా జివ్వుమంటుంది" అన్నాను. ఆ రోజే మందు మారింది.

మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి. ఒక్కో మాట ఒక్కో కారణం వైపు దారి చూపిస్తుంది.

*మంట, జివ్వుమనడం, చురుక్కుమనడం, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు, చీమలు పాకినట్టు*: ఇవి నరాల నొప్పి మాటలు. మెత్తటి బట్ట తగిలినా బాధగా ఉండడం కూడా ఇందులోదే.

*లాగడం, పట్టేయడం, బిగుసుకుపోవడం*: ఇవి కండరాలు, మచ్చ, భుజం కీలు మాటలు. చంక నుంచి మోచేతి వైపు చర్మం కింద వీణ తీగలా ఒక తాడు బిగిసి కనబడుతుంటే, ఆపరేషన్ అయిన తొలి వారాల్లో కొందరికి అలా వస్తుంది. మెల్లగా సాగదీసే వ్యాయామంతో ఎక్కువమందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. దాన్ని మీరే గట్టిగా లాగి తెంపాలని చూడకండి.

*బరువు, ఉబ్బరం, సలుపు*: చేయి బరువెక్కినట్టుంటే, గాజులు ఎక్కకపోతే, రవిక చేయి ఒకవైపే బిగుతైతే నీరు చేరుతోందేమో చూడాలి. చంకలో గ్రంథులు తీసేశాక చేతిలోని లింఫ్ ద్రవం సరిగా వెనక్కి పోలేక నిలిచిపోతుంది, దీన్ని లింఫెడీమా అంటారు. ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత కూడా రావచ్చు.

*కీళ్లు పట్టేయడం, పొద్దున్నే వేళ్లు ముడవలేకపోవడం*: మీరు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటి హార్మోన్ చికిత్స మాత్రలు వాడుతుంటే ఇది ఆ మందు వల్ల కావచ్చు. ఎముకల్లోకి పాకిందేమోనని చాలామంది ఇక్కడే హడలిపోతారు. నేనూ హడలిపోయాను.

*అరికాళ్లు, వేళ్ల కొనలు తిమ్మిరెక్కడం*: కొన్ని రకాల కీమో మందుల తర్వాత మిగిలేది.

ఒకే మనిషికి ఇందులో రెండు మూడు కలిసి ఉండొచ్చు. విడివిడిగా చెప్పండి.

మూడో అడుగు: ఒక చిన్న నోట్‌బుక్

రోజూ రాత్రి ఒక్క వరస రాయండి: ఎక్కడ, ఎలాంటి నొప్పి, సున్నా నుంచి పది లోపు ఎంత, అప్పుడు ఏం చేస్తున్నారు, దేనితో తగ్గింది. అంతకంటే ఎక్కువ రాస్తే రోజంతా దాని మీదే ధ్యాస ఉంటుంది. నెలకోసారి టైలర్ టేపుతో రెండు చేతులూ ఒకే చోట, మోచేతికి నాలుగు వేళ్లు పైనా కిందా, కొలిచి రాసుకోండి. రెండు చేతుల మధ్య తేడా రెండు సెంటీమీటర్లు దాటినా, నెలనెలా పెరుగుతున్నా డాక్టరుకు చూపించండి.

నా నోట్‌బుక్‌లో రెండు నెలలు నిండాక తేలిన సంగతి ఏమిటంటే, బట్టలు ఉతికిన మర్నాడు నొప్పి ఏడుకు పోతోంది, మిగతా రోజుల్లో మూడు నాలుగే. ఎప్పుడూ ఏడే ఉందనుకునేదాన్ని.

నాలుగో అడుగు: ఆలస్యం చేయకూడని సంకేతాలు

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇవి తెలిసి ఉంటే మిగతావాటికి భయపడే పని తగ్గుతుంది.

అదే రోజు వెళ్లాల్సినవి: ఆపరేషన్ వైపు చేయి గానీ ఛాతీ గానీ ఎర్రగా, వేడిగా మారి జ్వరం రావడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, కాళ్లలో బలం పోవడం, మూత్రం మీద అదుపు తప్పడం, ఫిట్స్, తగ్గకుండా రోజురోజుకూ పెరుగుతున్న తలనొప్పితో పాటు వాంతులు.

రెండు మూడు రోజుల్లో ఫోన్ చేసి వెళ్లాల్సినవి: మచ్చ దగ్గర, చంకలో, మెడలో, రెండో రొమ్ములో కొత్త గడ్డ, కళ్లు పచ్చబడడం, కారణం లేకుండా బరువు తగ్గడం.

ఇవేవీ లేకుండా నడుములోనో, పక్కటెముకలోనో కొత్త నొప్పి వస్తే నేను పాటించే పద్ధతి ఇది. నోట్‌బుక్‌లో తేదీ వేసి రెండు వారాలు గడువు పెడతాను. తగ్గుతూ పోతే వదిలేస్తాను. రెండు వారాలైనా అలాగే ఉన్నా, మధ్యలోనే పెరుగుతున్నా, పడుకున్నప్పుడు ఎక్కువై నిద్ర పట్టనివ్వకపోయినా వెంటనే ఫోన్ చేస్తాను. ఈ గడువు పెట్టుకున్నాక ప్రతి రాత్రీ "వెళ్లాలా వద్దా" అని నాలో నేను వాదించుకోవడం ఆగింది.

ఐదో అడుగు: చేయి కదపండి, రోజూ

నొప్పి పుడుతుందని చేయి ఒంటికి అంటిపెట్టుకుని కూర్చుంటే భుజం బిగుసుకుపోతుంది. తర్వాత దాన్ని వదిలించడం ఇంకా కష్టం. డ్రెయిన్ తీసి, డాక్టరు సరే అన్నాక ఇవి చేయండి. గోరువెచ్చని నీళ్ల స్నానం అయిన వెంటనే అయితే తేలిగ్గా సాగుతుంది.

గోడకు ఎదురుగా నిలబడి, ఆపరేషన్ వైపు వేళ్లను సాలీడు పాకినట్టు గోడ మీద పైకి పాకించండి. లాగినట్టు అనిపించే చోట ఆగి, నెమ్మదిగా అయిదు అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వేళ్లతోనే దిగండి. ఎక్కడిదాకా వెళ్లిందో పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. మా వంటింటి తలుపు పక్కన ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి, సున్నం వేయనివ్వలేదు.

వెల్లకిలా పడుకుని ఒక కర్రను రెండు చేతులతో పట్టుకుని తల మీదుగా వెనక్కి తీసుకెళ్లండి, బాగున్న చేయి రెండోదాన్ని నడిపిస్తుంది. తర్వాత రెండు అరచేతులూ తల వెనక పెట్టుకుని మోచేతులు విప్పండి. భుజాలు గుండ్రంగా తిప్పండి. ఒక్కోటి అయిదు నుంచి పది సార్లు, రోజుకు మూడు పూటలు. లాగినట్టు ఉండాలి, కళ్లలో నీళ్లు తిరిగేంత నొప్పి ఉండకూడదు. రేడియేషన్ నడుస్తున్నప్పుడూ, ఆ తర్వాత నెలల్లోనూ మానకండి, ఎందుకంటే రేడియేషన్ పడిన కండరం మెల్లమెల్లగా బిగుసుకుపోతుంటుంది.

ఇంటి పనుల్లో దండెం మీద బట్టలు ఆరేయడం, జడ అల్లుకోవడం మంచి వ్యాయామాలే. నిండు బిందె, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లవాణ్ణి ఆ చేత్తో ఎత్తడం మాత్రం మొదటి వారాల్లో వద్దు. అయితే జీవితాంతం ఆ చేయి వాడకూడదన్న మాట నిజం కాదు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు బరువు కొద్దికొద్దిగా పెంచుకుంటే మోయగలుగుతారు.

ఆరో అడుగు: చర్మాన్ని మళ్లీ అలవాటు చేయండి

బట్ట తగిలినా భగ్గుమంటోందా? పాత పట్టుచీర ముక్క ఒకటి తీసుకోండి. బాగున్న చోట మొదలుపెట్టి, మంట ఉన్న చోటి మీదుగా రెండు మూడు నిమిషాలు మెత్తగా రాయండి. రోజుకు మూడు నాలుగు సార్లు. అది బాధపెట్టడం మానాక నలిగిన నూలు పంచె ముక్క, ఆ తర్వాత తువ్వాలు. నెల రోజులు పట్టొచ్చు. ఈ స్పర్శ ప్రమాదం కాదని నరం నేర్చుకుంటుంది.

గాయం పూర్తిగా మానాక, డాక్టరు ఒప్పుకున్నాక, కొబ్బరినూనెతో మచ్చ మీద వేళ్లతో గుండ్రంగా అయిదు నిమిషాలు రాస్తే చర్మం కింద అతుక్కున్నది వదులవుతుంది. రేడియేషన్ జరుగుతున్న రోజుల్లో ఇది వద్దు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి: మొద్దుబారిన చోట కాపడం పెట్టకండి. వేడినీళ్ల సంచీ, ఇసుక మూట, వేడి తువ్వాలు ఏదైనా సరే. అక్కడ వేడి తెలియదు, కాలిన తర్వాత కంటితో చూస్తేనే తెలుస్తుంది. మండే బామ్‌లూ అంతే. చంకలో బ్లేడు వాడకండి. ఆ చేతికి కూరలు తరిగేటప్పుడు, తోటపనిలో, పొయ్యి దగ్గర దెబ్బ తగలకుండా చూసుకోండి, తగిలితే వెంటనే కడిగి మందు రాయండి. వీలైనంతవరకు సూదులు రెండో చేతికే వేయమని అడగండి.

రవికలు ముందువైపు హుక్కులు పెట్టుకునేలా, చంక దగ్గర వదులుగా, కుట్టు మచ్చ మీద పడకుండా కుట్టించుకోండి. రొమ్ము తీసిన వైపు మెత్తటి నూలు దూదితో చేసిన ప్యాడ్ మొదట్లో చాలు. అన్నీ మానాక సిలికాన్‌ది తీసుకోవచ్చు.

ఏడో అడుగు: మందుల గురించి తెలుసుకుని అడగండి

మెడికల్ షాపులో దొరికే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నరాల నొప్పికి పెద్దగా పనిచేయవు, నెలల తరబడి వేసుకుంటే కడుపూ కిడ్నీలూ పాడయ్యే ప్రమాదం ఉంది. నరాల నొప్పికి డాక్టర్లు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, డ్యులాక్సిటిన్ లాంటివి రాస్తారు. వీటి చీటీ మీద ఫిట్స్‌కు అనో డిప్రెషన్‌కు అనో ఉంటుంది. అది చూసి "నాకు ఫిట్స్ మందు ఎందుకిచ్చారు" అని మానేసినవాళ్లు నాకు తెలుసు. అవే మందులు అతిగా స్పందించే నరాన్ని నెమ్మదింపజేస్తాయి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు, గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో మత్తుగా, నోరు ఎండినట్టు ఉండొచ్చు. ఉన్నట్టుండి మీ అంతట మీరు ఆపకండి.

టమాక్సిఫెన్ (క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే హార్మోన్ చికిత్స మాత్ర) వాడుతుంటే ఏ కొత్త మందు రాసిన డాక్టరుకైనా ఆ మాట చెప్పండి. ఫ్లూక్సెటీన్, పెరాక్సెటీన్ లాంటి కొన్ని డిప్రెషన్ మందులు టమాక్సిఫెన్ పనికి అడ్డుపడతాయి, డ్యులాక్సిటిన్‌కూ కొంతవరకు ఆ గుణం ఉంది. బదులుగా వేరేవి ఉన్నాయి.

ఇవన్నీ వాడినా నొప్పి ఆరు ఏడు దగ్గరే ఉంటే పెయిన్ క్లినిక్‌కు లేదా పాలియేటివ్ కేర్ విభాగానికి పంపమని అడగండి. పాలియేటివ్ అనగానే చివరి రోజులు అనుకుంటారు మనవాళ్లు. బాధ తగ్గించడమే ఆ విభాగం పని, జబ్బు నయమైనవాళ్లు కూడా వెళ్లొచ్చు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఏళ్లుగా నడుస్తోంది. ఉత్తరాంధ్రవాళ్లకు విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఎనిమిదో అడుగు: భయానికి ఒక వేళ కేటాయించండి

నొప్పి భయాన్ని లేపుతుంది, భయం కండరాలను బిగించి నొప్పిని పెంచుతుంది. అందుకే ఒకదాన్ని వదిలేసి రెండోదానికి మాత్రమే మందు వాడితే సగమే తగ్గుతుంది.

భయపడొద్దు అని ఎవరు చెప్పినా భయం పోదు. నాకు పనిచేసింది వేరు. సాయంత్రం అయిదు గంటలకు ఇరవై నిమిషాలు దానికే ఇచ్చేశాను. నోట్‌బుక్ వెనక పేజీలో ఆ రోజు వచ్చిన భయాలన్నీ రాసి, ఒక్కోదాని పక్కన "దీనికి నేను చేయగలిగింది ఏమైనా ఉందా" అని చూసేదాన్ని. ఉంటే రాసుకున్నాను: డాక్టరును అడగాలి, కొలవాలి. లేకపోతే మర్నాటికి వదిలాను. రాత్రి వచ్చిన ఆలోచనకు "రేపు అయిదింటికి రా" అని చెప్పడం మొదట్లో వింతగా ఉంది. రెండు మూడు వారాలకు అలవాటైంది.

రాత్రి మెలకువ వస్తే ఫోన్‌లో వెతకకండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి, ఒక పది నిమిషాలు. వదలడం పొడవుగా ఉంటే గుండె దడ నెమ్మదిస్తుంది. అప్పటికీ నిద్ర రాకపోతే లేచి కూర్చుని ఏదైనా చిన్న పని చేసుకోండి.

నడక మందుతో సమానంగా పనిచేసింది నాకు. వారానికి నూట యాభై నిమిషాలు, అంటే వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున అని డాక్టర్లు చెబుతారు. పది నిమిషాలతో మొదలుపెట్టండి.

రెండు వారాలకు పైగా దేని మీదా మనసు లేకపోవడం, ఏడుపు ఆగకపోవడం, తినాలనిపించకపోవడం, బతకడం ఎందుకు అనిపించడం ఉంటే అది మీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనే ఆలోచన వస్తుంటే ఈ రోజే చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పి పక్కన కూర్చోబెట్టుకోండి.

తొమ్మిదో అడుగు: ఇంట్లోవాళ్లకు ఏం కావాలో చెప్పండి

"బాగానే ఉన్నావుగా, ఇంకా ఏంటి" అనే మాట ప్రేమతో అన్నా గుచ్చుకుంటుంది. వాళ్లకు మచ్చ మానడం కనబడింది, నరం కనబడదు. నేను మా ఆయనతో ఒక రోజు ఇలా అన్నాను: "మీరు సర్దిచెప్పొద్దు, ఒక పది నిమిషాలు వినండి చాలు." అంతవరకూ ఆయన ఏం చెప్పాలో తెలియక లేచి వెళ్లిపోయేవారని అప్పుడే తెలిసింది. ముట్టుకుంటే ఎక్కడ నొప్పో, ఎక్కడ పరవాలేదో కూడా నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే నొప్పి పుడుతుందని వాళ్లు దూరం జరుగుతారు, నేను ఇలా అయినందుకు దూరమయ్యారని మనం అనుకుంటాం.

"మా పెద్దమ్మకు కూడా ఇలాగే ఉండి..." అని మొదలుపెట్టే వాళ్లను అక్కడే ఆపండి. వంకాయ తింటే చీము పడుతుంది, గోంగూర తింటే దురద పెడుతుంది అని పప్పూ గుడ్డూ కూడా మాన్పించి పథ్యం పెట్టేవాళ్లున్నారు. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప అన్నీ తినండి, పుండు మానడానికి, కండ పట్టడానికి పప్పు, గుడ్డు, పెరుగు, చేప కావాలి.

పదో అడుగు: చెకప్ రోజు

మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత రెండేళ్లు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, ఆపైన ఏడాదికోసారి చూపించుకోవాలి. ఏడాదికోసారి మిగిలిన రొమ్ముకు మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే ఉంటుంది. ఏ ఇబ్బందీ లేనప్పుడు ధైర్యం కోసం ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ లాంటివి చేయించమని పట్టుబట్టకండి. లక్షణాలు లేనివాళ్లకు వాటివల్ల ఆయుష్షు పెరగదని తేలింది. లేని అనుమానాలు లేపి ఇంకో సూదిపరీక్ష దాకా తీసుకెళ్లిన సందర్భాలు మాత్రం ఉంటాయి.

చెకప్‌కు వారం ముందునుంచే నొప్పి పెరిగినట్టు అనిపిస్తుంది, నిద్ర చెడుతుంది. ఇది చాలామందికి జరిగేదే. ఆ వారం నోట్‌బుక్‌లో "చెకప్ వారం" అని పైన రాయండి, అంకెలు చూసి కంగారుపడకుండా ఉంటారు. ముందురోజు నోట్‌బుక్‌లోంచి మూడే ప్రశ్నలు ఒక కాగితం మీదికి ఎక్కించండి. అడగాల్సినవన్నీ రాస్తే డాక్టరు ముందు ఏదీ సరిగా అడగలేం. నొప్పి ప్రశ్న మొదట ఉండాలి, లేచి వచ్చేముందు తలుపు దగ్గర అడిగేదిగా ఉండకూడదు. తోడు వచ్చినవాళ్లకు కాగితం, పెన్ను ఇచ్చి, డాక్టరు చెప్పింది రాయమనండి. రిపోర్టు ఎప్పుడు వస్తుందో, ఎవరు ఫోన్ చేస్తారో అక్కడే కనుక్కోండి. ఆ సాయంత్రం వంట పని పెట్టుకోకండి, ఇడ్లీలు కట్టించుకుని ఇంటికి రండి.